మన కొండలలోని ఇద్దరు తల్లులు

చదువవలసిన భాగములు: యోబు 12:7-10, సామెతలు 17:12

జ్ఞానమంతయు తమకే కలదన్నట్లు స్నేహితులు మాటలాడినప్పుడు యోబు వారిని పాఠము నేర్చుకొనుటకు అడవి జీవుల యొద్దకు పంపెను. మనమును నేడు మన చిత్తూరు సీమ కొండలకు పోయి ఇద్దరు తల్లులను చూతము.

1. ఎలుగుబంటి

ఎలుగుబంటి పేరు వినని పల్లె మనలో లేదు. అయితే దాని ముఖ్యాహారము చెదలు, చీమలు, తేనె, అడవిపండ్లు అని ఎందరికి తెలియును? దాని పైదవడ ముందుపండ్లలో నడిమి రెండును ఉండవు. పుట్టను గోళ్లతో త్రవ్వి, ముక్కురంధ్రములు మూసికొని, ఆ సందుగుండ చెదలను లోనికి పీల్చుకొనును. ఆ చప్పుడు చాల దూరము వినబడును. తల్లి తన పిల్లలను వీపు మీద ఎక్కించుకొని తిరుగును. అవి దాని పొడుగు వెండ్రుకలను పట్టుకొని కూర్చుండును.

ఇట్టి జంతువు మనుష్యుని ఏల గాయపరచును? సాధారణముగా తినుటకు కాదు. పొదచాటున హఠాత్తుగా ఎదురుపడినప్పుడు బెదరి, పారిపోవుటకు మారుగా పైబడును. పిల్లలు వెంటనున్న తల్లి మరియు ప్రమాదకరము. సామెతల గ్రంథము బిడ్డలు పోయిన ఎలుగును ఉదాహరించుట ఊరక కాదు. కనుక కట్టెలకు, సీతాఫలములకు పోవువారు ఒంటరిగా పోక, నలుగురు కలిసి మాటలాడుకొనుచు పోవలెను.

2. ఏనుగు

సుమారు రెండు వందల యేండ్లు మన ప్రాంతములో అడవి ఏనుగులు లేవు. 1980 తరువాత అవి పొరుగు రాష్ట్రముల అడవులనుండి కుప్పము, పలమనేరు వైపు వచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను.

మందను నడిపించునది బలమైన మగ ఏనుగు కాదు, వయసు మీరిన ఆడ ఏనుగు. నీళ్లు ఎచ్చటనున్నవో, ఏ దారి క్షేమమో దానికి జ్ఞాపకము. గున్నకు అపాయము కలిగినయెడల తల్లియే గాక పినతల్లులు, పెద్దతల్లులు చుట్టు నిలుచుదురు. 1984లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జంతుశాలలో కేటీ పేన్ అను ఆమె, ఆసియా ఏనుగులు మన చెవికి అందని మంద్రస్వరముతో మాటలాడుకొనునని కనుగొనెను. ఆ స్వరము మైళ్ల దూరము పోగలదు. కావున ఏమియు వినబడలేదు గనుక మంద దగ్గర లేదని తలంపరాదు.

పంట పోయిన రైతు దుఃఖము చిన్నది కాదు. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో నేలపాలగును. అయినను చేనికి దొంగచాటున కరెంటు తీగ చుట్టుట తగదు. ఆ తీగ ఏనుగునే గాక, దారిని పోవు పొరుగువాని బిడ్డను సైతము చంపును. గున్నకును తల్లికిని నడుమ పోక, రాళ్లు రువ్వక, అటవీశాఖవారికి వెంటనే కబురు పంపవలెను.

ఆలోచింపుడి

1. ఈ ఇద్దరు తల్లుల కోపమునకు మూలమేమి?
2. మందలో ముసలి ఏనుగుకున్న గౌరవము మన యిండ్లలో పెద్దలకు కలదా?
3. పొరుగువాని చేను పాడైనప్పుడు సంఘముగా మనము ఏమి చేయగలము?