కిలో ధర చూసి మైనం కొనకండి

మైనం రేటు కనుక్కోవడానికి బేగంబజార్‌కు పోయినవాళ్లు కాగితం మీద మూడు అంకెలు రాసుకొని వస్తారు. పారఫిన్ ఇంత, సోయా ఇంత, తేనెమైనం ఇంత. రెండో ట్రిప్పులో ఆ మూడింటిలో చిన్న అంకె ఉన్న సరుకు నాలుగు బస్తాలు ఎక్కించుకొని మోత్కూర్‌లో దించుతారు. నష్టం అక్కడే మొదలవుతుంది. మీరు కొనేది కిలోల్లో, అమ్మేది ఒక్కొక్క కొవ్వొత్తిగా. ఈ రెంటి మధ్య ఏమేం పోతుందో లెక్క వేయకుండా ఏ మైనం చౌకో చెప్పలేం.

ముందు గిరాకీ సంగతి. కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తి ఒకప్పుడు ప్రతి కిరాణా దుకాణంలో పోయేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు మొదలైంది. దానికి తోడు ఇంటింటికీ చార్జింగ్ లైట్లు వచ్చాయి. ఇప్పుడు మామూలు కొవ్వొత్తికి మిగిలింది చర్చిలు, నవంబర్ 2న సమాధుల దగ్గర వెలిగించేవాళ్లు, క్రిస్మస్, అక్కడక్కడ దీపావళి. రోజూ పోయే సరుకు అనుకొని దిగితే స్టాకు మీద కూర్చోవాల్సి వస్తుంది.

ఇక లెక్క. ఈ రేట్లు ఉదాహరణకే, మీరు కొన్న రోజు రేటు వేసుకోండి. పారఫిన్‌లో కొంచెం స్టియరిక్ యాసిడ్ కలిపిన మిశ్రమం కిలో రూ.150 పడిందనుకుందాం. స్టియరిక్ కలిపితే కొవ్వొత్తి గట్టిపడుతుంది, తెల్లగా కనబడుతుంది, అచ్చు నుంచి సులువుగా ఊడుతుంది. కిలోలో 40 గ్రాములు గిన్నెకు అంటుకొని, కారి, గీకేటప్పుడు పోతుంది. మిగిలిన 960 గ్రాములకు 40 గ్రాములవి 24 వస్తాయి. వత్తులు రూ.12, ఆరేసి పెట్టే నాలుగు డబ్బాలు రూ.16, గ్యాసు, కూలీ రూ.24. మొత్తం రూ.202. దుకాణదారు ఒక్కోటి రూ.9కి తీసుకుంటే రూ.216 వస్తుంది, చేతిలో మిగిలేది రూ.14. అందులో రెండు విరిగాయంటే వచ్చేది రూ.198, అంటే రూ.4 చేతి నుంచే పోయింది. ఈ పనిలో మార్జిన్ అంత పల్చన. రవాణా ఖర్చు నేనింకా కలపనేలేదు.

నేను దెబ్బ తిన్నది కూడా ఇక్కడే. మొదట్లో ఒక వ్యాపారి కిలోకు రూ.20 తక్కువకు ఇస్తానంటే సెమీ రిఫైన్డ్ పారఫిన్ తీసుకున్నాను. పూర్తిగా శుద్ధి చేసిన రకంలో నూనె సాధారణంగా అర శాతానికి మించదు, సెమీలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. పోసినప్పుడు తేడా తెలియలేదు. ఏప్రిల్‌లో దుకాణం అద్దాల పెట్టెలో పెట్టిన కొవ్వొత్తులకు చెమట పట్టినట్టు నూనె తేలింది. డబ్బా అట్ట మరకలు పడి, లోపలివి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కిలోకు మూడు చొప్పున వాపసు వచ్చాయి. రూ.20 మిగుల్చుకోబోయి రూ.27 పోగొట్టుకున్నాను, ఆ దుకాణం మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు. అప్పటి నుంచి బస్తా కొనే ముందు ఒక ముక్క తెల్ల కాగితం మీద పెట్టి ఎండలో ఉంచుతున్నాను. సాయంత్రానికి కాగితం మీద జిడ్డు మరక పెద్దదైతే ఆ సరుకు వద్దు.

సోయా లెక్క వేరు. అది మెత్తటి మైనం, కర్రలా నిలబడదు, గాజు సీసాలోనే పోయాలి. 90 గ్రాముల సీసా తీసుకోండి. కిలో రూ.400 చొప్పున 84 గ్రాముల సోయా రూ.34. ఆరు గ్రాముల సువాసన నూనె రూ.12, మూతతో సీసా రూ.35, వత్తి రూ.4, లేబుల్, అట్టపెట్టె రూ.20, పని ఖర్చు రూ.15. మొత్తం రూ.120. అదే సీసాలో రూ.150 పారఫిన్ పోస్తే మైనం ఖర్చు రూ.13, అంటే తేడా రూ.21. కర్ర కొవ్వొత్తిలో నూటికి 74 రూపాయలు మైనానికే పోతే, సీసాలో మైనం మూడో వంతు దాటడం లేదు. అందుకే సీసాల పని చేసేవాళ్లు మైనం దగ్గర బేరమాడి అలసిపోవడం కంటే సీసా రేటు మీద, దారిలో పగలకుండా చూసుకోవడం మీద దృష్టి పెట్టాలి.

సోయాకు ఇంకో రెండు ఖర్చులుంటాయి, బిల్లులో కనబడవు. పోశాక వాసన నిలవడానికి వారం పది రోజులు ఆగాలి, అంతకాలం మీ డబ్బు అల్మారాలో ఉంటుంది. రెండోది మన ఎండ. సీసాల్లో పోసే సోయా చాలా రకాలు 45 నుంచి 50 డిగ్రీల మధ్యే కరుగుతాయి. మే నెలలో నల్లగొండ వైపు ఎండ ఎంతుంటుందో మీకు తెలుసు. రేకుల షెడ్డులో, టాప్ మూసిన ఆటోలో ఇంకా ఎక్కువ. రాయగిరి మీదుగా హైదరాబాద్ చేరేలోపు పైభాగం కరిగి, వత్తి పక్కకు ఒరిగి, చల్లారాక తెల్లటి మచ్చలు పడతాయి. ఎండాకాలంలో పంపాల్సి వస్తే తెల్లవారుజామునే పంపండి. లేదా ఆ మూడు నెలలు సీసాల ఆర్డర్లు ఒప్పుకోకండి.

తేనెమైనం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మంచి సరుకే, 62 నుంచి 64 డిగ్రీల దాకా కరగదు, దాని వాసన దానికే ఉంటుంది. కానీ పారఫిన్ కంటే బరువు. 40 మిల్లీలీటర్ల అచ్చులో పారఫిన్ 36 గ్రాములు పడితే ఇది 38 దాటుతుంది. కిలో ధరకే ఎన్నో రెట్ల తేడా ఉంటే, అచ్చు దగ్గర ఇంకొంచెం పెరుగుతుంది. పారఫిన్ కలిపి తేనెమైనమని అమ్మేవాళ్లూ ఉన్నారు. చేతిలో అడ్వాన్సు పడ్డ ఆర్డర్‌కు తప్ప తెప్పించకండి.

కొనేటప్పుడు జీఎస్టీతో కలిపి ఎంతో అడగండి. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను తిరిగి రాదు, అదంతా మీ ఖర్చే. పారఫిన్ అస్సాంలోని నుమాలీగఢ్ రిఫైనరీ నుంచి వచ్చినా, ఓడలో దిగినా పెట్రోలియం సరుకే. క్రూడ్, డాలర్ కదిలితే రేటు కదులుతుంది. కాబట్టి క్రిస్మస్ ఆర్డర్‌కు ఆగస్టులో చెప్పిన ధరకే డిసెంబర్‌లో ఇస్తానని మాట ఇవ్వకండి. అడ్వాన్సు తీసుకున్న రోజే ఆ ఆర్డర్‌కు సరిపడా మైనం కొని పెట్టుకోండి. ఉద్దెరకు ఇచ్చిన సరుకు డబ్బు జనవరి దాటితే వసూలు కావడం కష్టం.

ఏ రకమైనా బస్తా ఎత్తే ముందు కిలో చొప్పున తెచ్చి పోసి చూడండి. నేరుగా మంట మీద కాకుండా నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి, మంట అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత వేసి ఆర్పండి. పారఫిన్ చల్లారేటప్పుడు వత్తి చుట్టూ గుంత పడుతుంది. దాన్ని మళ్లీ నింపడానికి ఎంత పట్టిందో రాసుకోండి, కిలో లెక్కలో చాలామంది మర్చిపోయేది అదే. తర్వాత ఒక కొవ్వొత్తిని తూకం వేసి, గాలి లేని గదిలో గంట వెలిగించి, మళ్లీ తూకం వేయండి. 40 గ్రాములది గంటకు 8 గ్రాములు తగ్గితే అయిదు గంటలు వస్తుంది. 10 తగ్గితే నాలుగే. చర్చివాళ్లు ఆరాధన ఎంతసేపో ముందే చెబుతారు, అంతసేపు వెలగని కొవ్వొత్తిని ఎంత చౌకకు ఇచ్చినా రెండోసారి తీసుకోరు.