కొన్న రంగులు, వాడిన రంగులు

పిల్లలూ, ఈ దీవుల్లో ఉండే మనకు ఒక అలవాటు త్వరగా వస్తుంది: దొరికినప్పుడే కొని పెట్టుకోవడం. రంగులైనా, క్రేప్ కాగితమైనా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుంచి సముద్రం దాటి రావాలి. అబర్డీన్ బజార్‌లో ఈ వారం కనిపించిన రంగు వచ్చే వారం ఉండకపోవచ్చు. అందుకే వేసవి సెలవుల్లో మెయిన్‌ల్యాండ్‌కు వెళ్లినప్పుడు, "అక్కడ దొరకదు కదా!" అంటూ ఒకటి చాలినచోట నాలుగు కొంటాం.

బియ్యం, మందుల విషయంలో ఇది ముందుచూపే. బియ్యం రోజూ వండుకుంటాం. పూసలు, గ్లిట్టర్, ఎంబ్రాయిడరీ దారాలు మాత్రం "తీరిక దొరికినప్పుడు" అనే రోజు కోసం ఎదురుచూస్తాయి. ఇక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ తేమకు అట్టలు బూజు పడతాయి, మెరుపు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, సూదులు తుప్పు పడతాయి. దాచిన సామాను దాచినట్టు ఉండదు.

ఎందుకు కొంటాం?

బదిలీ అయిన ప్రతిసారీ మనం కొత్త బడి, కొత్త స్నేహితుల మధ్యకు వెళ్తాం. "ఈ ఊళ్లోనైనా బొమ్మలు వేయడం నేర్చుకోవాలి" అనుకుంటాం. ఆ ఆశ మంచిదే. అయితే రంగుల పెట్టె కొనగానే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. మనసు తృప్తిపడుతుంది, చెయ్యి మాత్రం ఏమీ నేర్చుకోదు. అలా మూత తీయని పెట్టె మరో బదిలీ సామానులో చేరుతుంది.

మన కళాకారుల దగ్గర ఏముంది?

కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్ల పొణికి కర్ర కావాలి. అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద చాలు. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర, లక్క, రంగులు. శ్రీకాళహస్తి కలంకారీలో కలం అంటే గుడ్డ చుట్టి దారంతో బిగించిన వెదురు పుల్ల. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నీళ్లలో రోజుల తరబడి నానబెడితే నలుపు రంగు వస్తుంది. సామాను కొద్దిగానే ఉంటుంది, సాధన ఏళ్ల తరబడి సాగుతుంది. సామాను చాలక బొమ్మ రాలేదనేవారిని చూసే మన పెద్దలు "ఆడలేక మద్దెల ఓడు" అన్నారు.

కొనే ముందు మూడు ప్రశ్నలు

1. దీనితో ఏం చేస్తాం? ఎవరి కోసం, ఎప్పటికి?
2. ఇలాంటిదే ఇంట్లో ఉందా? పెట్టె తెరిచి చూశామా?
3. ఉన్నదానితో ఈ వారమే మొదలుపెట్టగలమా?

మూడింటికీ జవాబు దొరికితే, కావలసినంతే కొందాం. దొరకకపోతే ఆ వస్తువు పేరు నోటుపుస్తకంలో రాసి నెల రోజులు ఆగుదాం. అప్పటికీ అది కావాలనిపిస్తే కొనవచ్చు.

డబ్బు పెట్టకుండా పోగుచేసేవాటికీ ఇదే మాట. రాలిన ఆకులు, కొబ్బరి చిప్పలు పనికొస్తాయి. ఒడ్డున కనిపించే పగడపు ముక్కలను మాత్రం ముట్టుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పగడాలకు రక్షణ ఇస్తోంది. వాటిని ఏరుకుని వెంట తీసుకెళ్లడం నేరం.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు

పెట్టెలు కట్టే ముందు వాడని సామాను బయటికి తీద్దాం. ఇక్కడే ఉండే స్నేహితుల్లో బొమ్మలు గీసేవారికి రంగులు, కుట్టేవారికి దారాలు ఇద్దాం. వాటిని వాడిన ప్రతిసారీ వారికి మనం గుర్తుకొస్తాం. మన వెంట రావలసింది చేతికి వచ్చిన పని. దాన్ని మోయడానికి పెట్టె అక్కర్లేదు, ఏ ఊళ్లోనైనా దానితోనే కొత్త స్నేహం మొదలవుతుంది.

చేసి చూద్దాం

అ) మీ ఇంట్లో మూత తీయని చేతిపనుల సామాను జాబితా రాయండి.
ఆ) అందులోంచి ఒక్కటి ఎంచుకుని, కొత్తగా ఏమీ కొనకుండా, ఈ వారంలో ఒక వస్తువు తయారు చేయండి.
ఇ) మిగిలినవాటిలో ఏది ఎవరికి ఉపయోగపడుతుందో రెండు వాక్యాల్లో రాయండి.