మూసీ పాట రాసే ముందు మోరీ సంగతి తెలియాలి

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్బు వాళ్లం మూసీ మీద ఒక పాట కట్టాం. పల్లవి ఇదీ: "విషమైపోయిన మూసీ తల్లీ, ఏడవకమ్మా ఏడవకు." ఆడిటోరియంలో చప్పట్లు బాగానే పడ్డాయి. అదే పాటను గిటారు పట్టుకుని సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు గట్టు మీద పాడాం. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన చివరిదాకా విని, "నీళ్లల్ల విషముందని ఊరూరా పాడితే మా వడ్లు ఎవరు కొంటరు బిడ్డా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న తర్వాత మేం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా.

తప్పు మా పాటలోనే ఉంది. నది చెడిపోయిందని చెప్పాం గానీ ఎక్కడ చెడిందో చెప్పలేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేట చెరువులో ఆగి హైదరాబాద్‌కు మంచినీళ్లు ఇస్తుంది. నగరం దాటేసరికి అందులో పారేది ఎక్కువగా నగరం వాడి వదిలేసిన నీరే. ఆ నీరే 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టులో నిలిచి, కాలువల్లో పారి, చివరికి మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గేట్లు ఎత్తితే తెల్లగా లేచే నురగ ఉంది చూశారూ, అది మన సబ్బు నీళ్ల పుణ్యమే. డిటర్జెంట్లు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. అలాంటి నీరు పైనుంచి పడి గాలితో కలిస్తే బుడగలు త్వరగా పగలవు. ఇక బీఓడీ: మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి చేయని మురుగులో 100 దాటడం మామూలే. ఈ లెక్కలో రైతు ఎక్కడా లేడు. పాట వేలు చూపాల్సింది మోరీ వైపు, మడి వైపు కాదు.

మన జిల్లాలో నీళ్ల కోసం గట్టిగా అడిగిన చరిత్ర ఉంది. మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ జల సాధన సమితి పెట్టి ఫ్లోరైడ్ మీద పోరాడారు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యి ఎన్నికే వాయిదా పడింది. అడిగింది ఒక్కటే, కృష్ణా నీళ్లు. పాటకు కూడా అట్లాంటి ఒక్క కోరిక ఉంటే చాలు.

అమెరికాలో పీట్ సీగర్ 1966లో హడ్సన్ నది కోసం క్లియర్‌వాటర్ సంస్థను మొదలుపెట్టాడు. బాంజో కచేరీలతో డబ్బు పోగుచేసి తెరచాప పడవ కట్టించాడు. 1969లో అది నీళ్లలోకి దిగింది. పాట కోసం వచ్చినవాళ్లు పడవెక్కి నదిని కళ్లారా చూశారు. మనకు పడవ అక్కర్లేదు, సూర్యాపేట నుంచి సోలిపేటకు ఆటో చాలు!

ఇక బాణీ. గేట్ల హోరులో గిటారు వినపడదు, మాకు అనుభవమే. డప్పు వినపడుతుంది, కానీ తేమకు తోలు సడలిపోతుంది, మంట దగ్గర కాచి బిగించుకోవాలి. అన్నిటికంటే నమ్మకమైనవి చప్పట్లు. బతుకమ్మ పాటల్లో పాదం చివర "ఉయ్యాలో" అని అందరూ అందుకుంటారు కదా, ఆ కాస్త వ్యవధిలో ముందు పాడే ఆమెకు తర్వాతి పాదం గుర్తొస్తుంది. కాగితం లేకుండా గంటసేపు పాడగలిగే కిటుకు అదే. శ్రుతి విషయంలోనూ మేం దెబ్బతిన్నాం. అబ్బాయిలకు హాయిగా ఉన్న శ్రుతిలో మొదలుపెడితే అమ్మాయిలకు కింది స్వరాలు అందలేదు. ముందే కూర్చుని ఇద్దరికీ కుదిరేది చూసుకోండి.

తిరగరాసిన పాటలో మొదటి రెండు చరణాలు ఇవి:

అనంతగిరిలో దోసిట పడితే అరచెయ్యి కనపడెనమ్మా
సోలిపేట గేటు కాడ నురగల నీరు దాగెనమ్మా

పట్నం వదిలిన మురుగు నీరు నారుమడికి చేరెనమ్మా
రైతు తప్పు ఏమున్నది, మోరీకెవరు జవాబమ్మా

"తల్లీ" తీసేశాం, "విషం" తీసేశాం. అడిగేది ఒక్కటే: మురుగును శుద్ధి చేసి వదలండి. పెద్దాయనకు ఇంకా వినిపించలేదు, నాట్లు అయ్యాక వెళ్లాలి.

మూడో చరణం వాడపల్లి సంగమం మీద రావాలి. మాలో ఎవరూ అక్కడి నీళ్లు దగ్గరగా చూడలేదు, చూడకుండా రాయొద్దని అనుకున్నాం. మిర్యాలగూడ వైపు ఇళ్లున్నవాళ్లు ఈ సెలవుల్లో వెళ్తే, రెండు నదులూ కలిసేచోట నీళ్ల రంగు, వాసన ఎట్లున్నాయో రాసి క్లబ్బుకు ఇవ్వండి.