రిపోర్టు నార్మల్, అరికాళ్లు మాత్రం మంటలు

బట్టల షోరూమ్‌లో పొద్దుట్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే సేల్స్‌మన్, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గార్డు, హోటల్ వంటగదిలో మాస్టరు. వీళ్లలో చాలామంది ఇదే బాధ చెబుతారు: అరికాళ్లు మండుతున్నాయి, సూదులు గుచ్చినట్టుంది, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాం అని. నరాల పరీక్ష చేయిస్తే నార్మల్ అని వస్తుంది. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. సూపర్‌వైజర్ నమ్మడు, ఇంట్లోవాళ్లూ అదోలా చూస్తారు.

ఆ రిపోర్టు తప్పు కాదు. నర్వ్ కండక్షన్ పరీక్ష లావుపాటి నరాల పోగులనే కొలుస్తుంది. నొప్పినీ, వేడినీ, చల్లదనాన్నీ మోసే సన్నపోగులు దానికి అందవు. అవి దెబ్బతింటే స్మాల్ ఫైబర్ న్యూరోపతీ అంటారు. చీలమండకు పది సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి, పైపొరలో ఎన్ని పోగులు మిగిలాయో లెక్కపెట్టి దీన్ని నిర్ధారిస్తారు. ఆ సౌకర్యం లేనిచోట కూడా సూదిమొన, చల్లటి లోహం తాకించి చూస్తే డాక్టరుకు చాలా తెలుస్తుంది. "సన్నపోగుల సంగతి కూడా చూడండి డాక్టరు గారూ" అని మీరే అడగండి, మొహమాటపడకండి.

ఇలాగే ఎవరూ నమ్మని మరో బాధ ఉంది: దెబ్బ మానినా చెయ్యో కాలో నెలల తరబడి మండుతూ, వాస్తూ ఉండే సీఆర్‌పీఎస్ అనే జబ్బు. దాన్ని చాలాకాలం మనసు జబ్బనే కొట్టిపారేశారు. 2006లో అమెరికాలో డాక్టర్ ఓక్‌లాండర్ బృందం అలాంటి 18 మంది చర్మాన్ని పరీక్షిస్తే, 17 మందికి నొప్పి ఉన్నచోట సన్నపోగులు తగ్గి కనిపించాయి. సగటున 29 శాతం తగ్గుదల. మీ బాధ ఊహ కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కారణం వెతకడం ముఖ్యం. షుగర్, షుగర్ వచ్చే ముందు దశ, బీ12 లోపం, మద్యం, థైరాయిడ్ ముందు చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గవచ్చు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి, దానికి ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. మెడికల్ షాపులో నరాల బలానికంటూ కొనుక్కునే మాత్రలు మాత్రం ఇష్టమొచ్చినట్టు వాడొద్దు. వాటిలో ఉండే బీ6 మోతాదు మించితే అదే నరాలను దెబ్బతీస్తుంది. వేడినీళ్ల కాపడమూ ప్రమాదమే: వేడి సరిగా తెలియని కాలు కాలినా తెలియదు.

ఇక ఉద్యోగం సంగతి. డాక్టరు దగ్గర జబ్బు పేరు రాసిన చీటీ ఒక్కటే తెచ్చుకుంటే మేనేజరుకు ఏం చేయాలో అర్థం కాదు. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, పొయ్యి దగ్గర పనిచేయొచ్చా లేదా అన్నది రాయించుకోండి. అడిగేటప్పుడు ఇలా చెప్పండి: "సార్, పని మానను. గంటకోసారి కూర్చోవడానికి స్టూలు వేయించండి, వీలైతే సాయంత్రాలు బిల్లింగ్ దగ్గర వేయండి." షాపు సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. కుర్చీ అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు అర్హత ఉంటే సిక్‌నెస్ బెనిఫిట్ కింద ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం పొందవచ్చు. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి, బయటి చీటీ చాలదు. ప్రభుత్వోద్యోగులకు 2016 వికలాంగుల హక్కుల చట్టం అండ ఉంది: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయడం, హోదా తగ్గించడం కుదరదు.

ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు మగత తెప్పిస్తాయి. డ్రైవింగ్ చేస్తారా, మెషిన్ మీద ఉంటారా, నైట్ షిఫ్టా అన్నది డాక్టరుకు ముందే చెప్పి వేళలు అడగండి. నొప్పి తగ్గిందని సొంతంగా ఉన్నట్టుండి ఆపేయకండి. మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టరునే అడగాలి.