మన ఊరి మేళం

మేళమన్న మాట వినగానే విద్యార్థుల మనస్సులో పెండ్లిపందిరి మెదులుతుంది. అంతకు మించి దానిని గురించి ఆలోచించే అవకాశం వారికి కలగడం లేదు. మేము బాల్యం నుండి మేళం వింటూ పెరిగినవారము. కంచికచర్లలో పెండ్లి జరిగినా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు వెళ్ళినా, మా కాళ్ళు ముందుగా నాదస్వరం వినవచ్చే దిక్కుకే నడిచేవి. పట్టణాలలో ఆర్కెస్ట్రా అని దేనిని అంటారో, మన గ్రామసీమలో దానికి సాటి రాగల వాద్యబృందం ఇదే.

బృందం చిన్నది. నాదస్వరం ఇద్దరు, డోలు ఒకరో ఇద్దరో, తాళానికి ఒకరు, శ్రుతికి ఒకరు. పూర్వం శ్రుతి కొరకు ఒత్తు అనే వాద్యాన్ని ఊదేవారు. తరువాత శ్రుతిపెట్టె వచ్చినది. నాదస్వరం చేవగల కొయ్యతో తయారవుతుంది. వ్రేళ్ళాడే రంధ్రాలు ఏడు మాత్రమే. క్రింది ఐదు రంధ్రాలు నాదాన్ని సరిచూచుకొనడానికి ఉద్దేశింపబడినవి. వీణకు మెట్లున్నవి, హార్మోనియానికి మీటలున్నవి. ఇక్కడ అట్టి ఆధారమేదీ లేదు. ఆ ఏడు రంధ్రాలకు అందని స్వరాలను, గమకాలను ఊపిరి ఒత్తిడితోను, పీకపై పెదవి పట్టుతోను సాధించవలె. డోలు విద్వాంసుడు కుడిచేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు ధరించి ఒకవైపు, ఎడమచేతి పుల్లతో రెండవవైపు వాయిస్తాడు. ఆరుబయట, జనసమ్మర్దంలో, మైకు లేకుండ వినిపించవలసిన సంగీతమిది.

ఈ విద్యలో మన ముస్లిం కుటుంబాల స్థానాన్ని విద్యార్థులు తప్పక తెలిసికొనవలె. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా జీవించిన ముస్లిం కుటుంబాలున్నవి. ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబు అట్టి వంశీయులు. తండ్రి వద్ద, చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద అభ్యసించి, అంతటితో తృప్తి చెందక తంజావూరు బాణీ కొరకు నాచ్చియార్‌కోవిల్ విద్వాంసులను ఆశ్రయించారు. శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ నాదస్వర సంగీతాశ్రమాన్ని నెలకొల్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు వారిని వరించినవి. 1999లో పరమపదించారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. స్త్రీలు అరుదుగా చేపట్టిన వాద్యాన్ని కాలీషాబీగారు భర్త సరసన కూర్చుండి వాయించడం మా విద్యార్థినులు గమనించదగిన విషయం.

ఉర్దూ విభాగపు మిత్రులకు బిస్మిల్లా ఖాన్ సాహెబు షహనాయిని గురించి మేము వేరుగా చెప్పనక్కరలేదు. అజ్మీరు దర్గాలో మ్రోగే నౌబత్తు గురించి కూడ వారే మాకు చెప్పగలరు. కావున ముస్లిం కళాశాలలో మంగళవాద్యమేమిటని ఎవరైనా శంకిస్తే, ఆ శంకకు కరవది నుండి శ్రీరంగం వరకు సాగిన ఒక జీవితమే సమాధానం.

మమ్ము బాధిస్తున్నది వేరొకటి. ఒకానొక పెండ్లిలో నాదస్వర విద్వాంసుడు కల్యాణి రాగాలాపన అందుకొన్నాడు. పది నిమిషాలైనా కాకముందే పందిట్లోని పెద్దమనిషి ఒకరు చేయి ఊపి సినిమా పాట అడిగారు. ఆయన మారుమాట లేకుండ అడిగినది వాయించాడు. అనంతరం పురోహితుని సైగకు గట్టిమేళం, అంతే. భోజనాలకు అందరూ లేచారు; మేమూ లేచాము. ఆ మాట దాచడం న్యాయం కాదు. ఇంట ఇట్టి సాధన చూచిన కుమారుడు తండ్రి వద్ద ఈ విద్య నేర్వడానికి ఏల ఇష్టపడతాడు? పూర్వం దేవాలయ మాన్యాల అండ ఉండేది. నేడు మేళగాండ్రకు పెండ్లిండ్లే ప్రధానాధారం. అవి ముహూర్తాలున్న మాసాలలోనే జరుగుతవి. తక్కిన మాసాలలో వాద్యం గోడకు వ్రేలాడుతుంది.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. రాబోవు వార్షికోత్సవానికి రికార్డుల సంగీతం మాని, మన ప్రాంతపు మేళాన్ని ఒక్క గంట కచేరీకి పిలిపించండి. ఒక రాగాలాపన, ఒక కీర్తన, కొంతసేపు డోలు తని. చివర విద్యార్థులు వాద్యాలను దగ్గరగా చూచి ప్రశ్నించడానికి పావుగంట. కచేరీని బహుమతి ప్రదానానికి ముందే ఉంచవలె. బహుమతులందుకొన్నవారు కుర్చీలు ఖాళీ చేయడం ఏటేటా చూస్తున్నాము. సంభావన కూడ ఆనాడే, వారు బస్సెక్కకముందే, చేతికి అందవలె. ముందు వరుసలో మేము కూర్చుంటాము.