కాగితాలు నమిలే యంత్రం ఎందుకు పట్టేస్తుంది?

చెరుకురసం బండి దగ్గర మీరు ఎన్నోసార్లు నిలబడి ఉంటారు. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతూ చెరుకు గడను లోపలికి లాక్కుంటాయి. తొందరపడి నాలుగు గడలు ఒకేసారి దూర్చితే రోలర్లు ఆగిపోతాయి. అప్పుడు బండాయన ఏం చేస్తాడు? చక్రాన్ని వెనక్కి తిప్పి, గడలను బయటికి లాగి, ఒక్కొక్కటిగా మళ్ళీ పెడతాడు. ఆఫీసుల్లోనూ బ్యాంకుల్లోనూ పనికిరాని కాగితాలను ముక్కలు చేసే ష్రెడ్డర్ కథ కూడా ఇంచుమించు ఇదే.

కాగితాన్ని చించి చెత్తబుట్టలో వేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. బ్యాంకు ఖాతా నంబరు, సంతకం, ఆధార్ నకలు ఉన్న కాగితాలు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం కదా! 1979లో టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించిన ఇరానీయులు అక్కడ ష్రెడ్డర్ కత్తిరించిన పొడుగాటి పట్టీలను ఓపికగా పక్కపక్కన పేర్చి చదివేశారు. పదేళ్ళ తరువాత, 1989లో తూర్పు జర్మనీ ప్రభుత్వం కూలిపోతున్నప్పుడు అక్కడి రహస్య పోలీసు శాఖ స్టాజీ తన దస్త్రాలను హడావిడిగా నాశనం చేయబోయింది. ఆ భారానికి ష్రెడ్డర్లు చెడిపోయాయి. ఉద్యోగులు చేతులతో చించడం మొదలుపెట్టారు. చివరికి దాదాపు 16,000 సంచుల చిరుగు కాగితాలు మిగిలిపోయాయి. చేత్తో చించిన ముక్కలు పెద్దవి కాబట్టి వాటిని అతికించే పని 1995లో ఆరంభమైంది. యంత్రాలు మొరాయించడం వల్ల ఒక దేశపు చరిత్ర కొంత దక్కిందన్నమాట!

ఇక యంత్రం లోపలికి చూద్దాం. రెండు ఇరుసులు సమాంతరంగా ఉంటాయి. ఒక్కొక్క ఇరుసుకు అంచు పదునైన ఉక్కు బిళ్ళలు వరసగా గుచ్చి ఉంటాయి. ఒక ఇరుసు బిళ్ళలు రెండో ఇరుసు బిళ్ళల సందుల్లోకి దూరి తిరుగుతాయి. ఎన్ని సందులుంటే అన్ని కత్తెరలు ఒకేసారి ఆడుతున్నట్టు! మోటారు చిన్నదే, కాని చాలా వేగంగా తిరుగుతుంది. పళ్ళచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని పెంచుతాయి.

ఆ బలానికి ఒక హద్దు ఉంది. సాధారణ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. పది కాగితాలు కత్తిరించగలదని చెప్పిన యంత్రం నోట ఒక మిల్లీమీటరు మందం పడుతుంది. ఇప్పుడు ఒక ఉత్తరాన్ని మూడుసార్లు మడవండి. ఎన్ని పొరలు? ఎనిమిది. అలాంటివి రెండు కలిపి వేస్తే పదహారు. “రెండే కాగితాలు వేశాను, అయినా పట్టేసింది” అని విసుక్కునే గుమస్తాలను నేను చూశాను. యంత్రం కాగితాలను లెక్కపెట్టదు, పొరలను లెక్కపెడుతుంది! కాగితం వంకరగా వెళితే ఒక పక్కకు ముడుచుకుపోయి అక్కడ మందం పెరుగుతుంది. వానాకాలంలో చెమ్మగిల్లిన కాగితం తెగే బదులు పీచుగా సాగి బిళ్ళల మధ్య కూరుకుపోతుంది. జిగురు చీటీలు, ప్లాస్టిక్ పొర ఉన్న కాగితాలు బిళ్ళలకు చుట్టుకుంటాయి. బుట్ట నిండినా ఖాళీ చేయకపోతే కిందపడ్డ ముక్కలనే బిళ్ళలు మళ్ళీ పైకి లాక్కుంటాయి.

పట్టేసినప్పుడు అలాగే స్విచ్చి నొక్కి ఉంచితే ఏమవుతుంది? తిరుగుతున్న మోటారు చుట్టలో సరఫరాకు ఎదురుగా ఒక విద్యుచ్చాలక బలం పుడుతుంది. అది విద్యుత్ ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. మోటారు ఆగిపోతే ఆ ఎదురు బలం ఉండదు, ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. చుట్ట నిరోధం మారకుండా ప్రవాహం నాలుగు రెట్లయితే ఉష్ణం పదహారు రెట్లవుతుంది. అందుకే మోటారు మితిమీరి వేడెక్కితే సరఫరాను తెంచే ఏర్పాటు లోపల ఉంటుంది. యంత్రం తనంతట తాను ఆగితే చెడిపోయిందనుకోకండి, చల్లారనివ్వండి. ఇళ్ళలో వాడే చిన్న యంత్రాలు కొద్ది నిమిషాలు పనిచేస్తే అరగంట దాకా విశ్రాంతి కోరుతాయి. సరైన లెక్క వాటితో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

పట్టేసిన కాగితాన్ని తీయడానికి ముందుగా వెనక్కి తిప్పే మీట నొక్కాలి. కొద్ది క్షణాలు వెనక్కి, కొద్ది క్షణాలు ముందుకు. అలా రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు వదులుతుంది. వదలకపోతే ప్లగ్గు పీకి, అప్పుడే పట్టకారుతో ముక్కలు లాగాలి. స్విచ్చి ఆపితే చాలదా? చాలదు. చాలా యంత్రాల నోట్లో కాగితం రాకను పసిగట్టే పరారుణ కిరణం ఉంటుంది. మీరు ముక్కను కదిపితే, పొరపాటున స్విచ్చి పడి ఉంటే, బిళ్ళలు తమంతట తామే తిరుగుతాయి. వాటికి కాగితానికీ వేలికీ తేడా తెలియదు. జడ, చున్నీ, మెడలోని గుర్తింపు కార్డు తాడు కూడా దూరంగా ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా మీరు ఈ పని చేయకూడదు.

కాగితంలో పీచుతో పాటు సుద్ద, తెల్లమట్టి వంటి పొడులు కలిపి ఉంటాయి. వాటి దుమ్ము బిళ్ళల మధ్య చేరి ఘర్షణ పెంచుతుంది. అందుకని బుట్ట ఖాళీ చేసినప్పుడల్లా నూనె పెట్టడం మంచి అలవాటు. ష్రెడ్డర్ల కోసం అమ్మే నూనెను ఒక తెల్లకాగితం మీద మెలికలుగా పోసి, ఆ కాగితాన్నే యంత్రానికి తినిపించి, తరువాత పది సెకన్లు వెనక్కి తిప్పితే నూనె అంతటా పరుచుకుంటుంది. డబ్బాలోంచి తుంపరగా వచ్చే నూనెలు మాత్రం వాడనేకూడదు. వాటిని బయటికి తోసేవి తరచు ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు. మన వంటగ్యాసులో ఉన్నవీ అవే. మోటారులో ఒక్క నిప్పురవ్వ పుడితే లోపల నిలిచిన వాయువు భగ్గుమంటుంది.

పొడుగు పట్టీలతో వచ్చిన చిక్కు టెహరాన్ కథలో చూశాం కదా. అందుకే ఇప్పటి యంత్రాలు చాలావరకు అడ్డంగా కూడా కత్తిరిస్తాయి. పి-4 స్థాయి యంత్రంలో ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు. ఏ-4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అంటే కనీసం 390 ముక్కలు. పి-7 స్థాయిలో ముక్క 5 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు. ఎన్ని ముక్కలవుతాయో లెక్కకట్టండి. ఒకే రకం మోటారు పెడితే ఈ రెండింటిలో ఏది ఒకేసారి ఎక్కువ కాగితాలు మింగగలదో, ఎందుకో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.