పగిలిన అద్దం, చీలిన టైరు: పరిహారం ఎంతవరకు?

ఉడుమలైపేట నుండి పొల్లాచ్చి వైపు గాని, పళని వైపు గాని వెళ్లే రహదారిపై కంకర లారీ వెనుక కారు నడపని వారు అరుదు. లారీ నుండి జారిన చిన్న రాయి ముందు అద్దానికి తగులుతుంది. చుక్కంత పగులు మరునాటి ఎండకు మూరెడు సాగుతుంది. వానాకాలంలో నీరు నిండిన గుంతలో చక్రం పడితే టైరు పక్కభాగం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఈ రెండు నష్టాలూ ఒకే ప్రయాణంలో, ఒకే కారుకు జరగవచ్చు. అయినా బీమా పాలసీ ఈ రెండింటినీ ఒకే విధంగా చూడదు. అద్దానికి దాదాపు పూర్తి ధర చెల్లించే పాలసీయే టైరుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకపోవచ్చు. ఏది విరిగింది అన్న ప్రశ్నతో పాటు, ఎందుకు విరిగింది అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉంటేనే పరిహారం లభిస్తుంది. ప్రమాదం వల్ల కలిగిన నష్టం బీమా పరిధిలోకి వస్తుంది. తయారీ లోపం వారంటీ పరిధిలోకి వస్తుంది. వాడకం వల్ల కలిగిన అరుగుదల యజమాని ఖర్చుగానే మిగులుతుంది. ఈ విభజనను వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. మొదట పాలసీ రకాన్ని చూడాలి

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 146వ సెక్షన్ ప్రకారం రహదారిపై తిరిగే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఇది ఇతరులకు కలిగిన నష్టానికి మాత్రమే. సొంత కారు అద్దానికి గాని, టైరుకు గాని ఇందులో పరిహారం లేదు. సొంత వాహన నష్టానికి పరిహారం కావాలంటే, సమగ్ర పాలసీ గాని, విడిగా తీసికొన్న ఓన్ డ్యామేజ్ పాలసీ గాని అమలులో ఉండాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారు కొనేవారు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి తీసికోవలసి వచ్చింది. దానితో పాటు ఇచ్చే సొంత నష్ట బీమా చాలా సందర్భాలలో ఒక్క ఏడాదికే ఉంటుంది. పాలసీ పత్రంపై మూడేండ్ల గడువు కనిపించడంతో యజమాని నిశ్చింతగా ఉంటాడు. రెండవ ఏట అద్దం పగిలినప్పుడు, ఆ భాగం గడువు ఎప్పుడో ముగిసిందని తెలుస్తుంది. కాబట్టి పాలసీ పత్రంలో రెండు గడువు తేదీలనూ విడివిడిగా చూసి గుర్తు పెట్టుకోవాలి.

2. అద్దం విషయంలో

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంచి తయారు చేసినది. అందుకే పగిలినా ముక్కలై లోపలికి రాలదు. పక్క అద్దాలు సాధారణంగా గట్టిపరచిన గాజుతో చేసినవి కాబట్టి, పగిలితే చిన్న చిన్న గింజలుగా రాలిపోతాయి. చిన్న రాతి దెబ్బను రెజిన్ నింపి సరిచేయడం ముందు అద్దానికే సాధ్యం. అదీ పగులు సాగకముందే.

ప్రైవేటు కారు ప్రామాణిక పాలసీలో భాగాల ధరపై తరుగుదల తగ్గిస్తారు. గాజు భాగాలకు మాత్రం ఈ తరుగుదల లేదు. కారు ఎంత పాతదైనా కొత్త అద్దం ధర లెక్కలోకి వస్తుంది. దాని నుండి తప్పనిసరి మినహాయింపు తీసివేస్తారు. ఇది 1500 సి.సి. వరకు గల కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించిన వాటికి 2,000 రూపాయలు. యజమాని ప్రీమియం తగ్గించుకొనేందుకు స్వచ్ఛంద మినహాయింపును కూడా ఒప్పుకొని ఉంటే, అదీ తగ్గుతుంది. అద్దం అతికించే జిగురు వంటి వాటి ఖర్చును కొన్ని సంస్థలు విడిగా తీసివేస్తాయి.

రోడ్డుపై ఎగిరిన రాయి, కొండ రాళ్లు దొర్లి పడటం, అల్లర్లలో విసిరిన రాయి, కావాలని చేసిన విధ్వంసం: ఇవన్నీ ప్రామాణిక పాలసీ అంగీకరించే కారణాలే. ఉడుమలైపేట నుండి చిన్నార్, మరయూర్ మీదుగా మూణారుకు వెళ్లే కొండ దారిలో రాళ్లు పడి అద్దం పగిలితే, క్లెయిమ్‌కు అర్హత ఉంటుంది. అల్లర్లు, విధ్వంసం వంటి సందర్భాలలో పోలీసు ఫిర్యాదు నకలు తప్పక జతపరచాలి.

3. టైరు విషయంలో

ప్రామాణిక పాలసీ టైరు విషయంలో కఠినంగా ఉంటుంది. అదే సంఘటనలో వాహనం కూడా దెబ్బతింటేనే టైరు నష్టాన్ని పరిగణిస్తారు. అప్పుడు కూడా కొత్త టైరు ధరలో సగానికి మించి ఇవ్వరు. టైరు ఒక్కటే చీలితే పరిహారం లేదు. అందువల్ల గుంతలో పడిన తరువాత టైరును మాత్రమే చూసి ఊరుకోరాదు. రిమ్ము వంగిందా, సస్పెన్షన్ భాగం దెబ్బతిన్నదా, బంపరు కింద పగిలిందా అని వర్క్‌షాపులో పరీక్షింపజేసి, కనిపించిన నష్టమంతా సర్వేయరుకు చూపాలి.

ఒక ఉదాహరణ లెక్క. కారు వయసు రెండున్నర ఏండ్లు, ఇంజను 1200 సి.సి. గుంతలో పడి 6,000 రూపాయల టైరు చీలింది. సస్పెన్షన్‌లోని 4,000 రూపాయల లోహపు భాగం వంగింది. టైరుకు సగం, అనగా 3,000 రూపాయలు. రెండు దాటి మూడేండ్లలోపు ఉన్న కారు లోహ భాగాలకు తరుగుదల 15 శాతం కాబట్టి, రెండవ భాగానికి 3,400 రూపాయలు. మొత్తం 6,400. తప్పనిసరి మినహాయింపు 1,000 పోగా 5,400 రూపాయలు అందుతాయి. భాగాల ఖర్చు పదివేలు. మిగిలిన 4,600 రూపాయలు యజమానియే భరించాలి. కూలి ఖర్చు ఈ లెక్కలో చేరలేదు.

జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉంటే లోహపు భాగానికి తరుగుదల ఉండదు. అయితే చాలా పాలసీలలో ఆ కవర్ టైర్లకు, బ్యాటరీకి వర్తించదు. టైరు ఒక్కటే చీలినా పరిహారం కావాలనుకొనేవారు టైరు రక్షణ కవర్‌ను విడిగా తీసికోవాలి. అందులో కూడా సాధారణ పంచరుకు, అరుగుదలకు పరిహారం ఉండదు. మిగిలిన అచ్చు లోతును బట్టి మొత్తాన్ని నిర్ణయించడం వాడుక.

4. వారంటీ ఎప్పుడు పనికి వస్తుంది?

కొత్త కారు వారంటీ పుస్తకం సాధారణంగా టైర్లను మినహాయిస్తుంది. టైరుకు వారంటీ ఇచ్చేది టైరు తయారీ సంస్థ. అది తయారీ లోపానికే వర్తిస్తుంది. అచ్చు పొర ఊడిపోవడం, పూస భాగంలో లోపం వంటివి ఆ కోవలోకి వస్తాయి. గుంతలో పడి లోపలి దారాలు తెగడం వల్ల వచ్చిన ఉబ్బును సంస్థ నిపుణుడు రహదారి దెబ్బగానే లెక్కిస్తాడు. కొన్ని సంస్థలు కొన్ని రకాల టైర్లకు పరిమిత కాలం రహదారి నష్టాన్ని కూడా అంగీకరిస్తాయి. కొనేటప్పుడే ఈ సంగతి అడిగి, బిల్లుపై వ్రాయించుకోవడం మేలు.

టైరు పక్కభాగంపై అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2323 అని ఉంటే 2023వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అంగడిలో చాలాకాలం నిల్వ ఉన్న టైరుకు, వారంటీని తయారీ తేదీ నుండి లెక్కిస్తే, కొన్ననాటికే కొంత గడువు పోయి ఉంటుంది. అచ్చు గాడులలోని అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల లోతు వద్ద ఉంటుంది. అచ్చు అంతవరకు అరిగితే వారంటీ ముగిసినట్లే.

గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ, ఎక్కువైతే నడుమ భాగం త్వరగా అరుగుతాయి. ఇటువంటి అరుగుదల కనిపిస్తే వారంటీ దరఖాస్తును తిరస్కరించడం పరిపాటి. తగిన గాలి పీడనం సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన కాగితంలో ఉంటుంది. మరొక ముఖ్య విషయం: పరీక్ష పూర్తయ్యేవరకు పాత టైరును అంగడిలో వదలి రాకూడదు. టైరు లేకుండా దరఖాస్తు నిలబడదు.

అద్దం విషయంలోనూ ఇదే సూత్రం. రాయి తగిలిన గుర్తు ఉంటే వారంటీ లేదు. గుర్తు ఏదీ లేకుండా అంచు నుండి పగులు మొదలైతే, కారు వారంటీ గడువులో ఉన్నంతవరకు అమరిక లోపమని సర్వీసు కేంద్రంలో వ్రాతపూర్వకంగా అడగవచ్చు.

5. క్లెయిమ్ చేయడం లాభమా, నష్టమా?

క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ సొంత నష్ట ప్రీమియంపై రాయితీ పెరుగుతుంది: 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. ప్రస్తుతం 35 శాతం రాయితీ ఉన్న యజమాని అద్దం కోసం 8,000 రూపాయల పరిహారం పొందాడనుకొందాం. అతని సొంత నష్ట ప్రీమియం, రాయితీకి ముందు, 8,000 రూపాయలు. క్లెయిమ్ చేయకుంటే రాబోయే ఐదేండ్ల రాయితీ 45, 50, 50, 50, 50 శాతం. చేస్తే 0, 20, 25, 35, 45 శాతం. ఏటా తేడా 45, 30, 25, 15, 5 శాతం. మొత్తం 120 శాతం. ప్రీమియం మారకపోతే ఇది 9,600 రూపాయలు. పొందినదానికంటే కోల్పోయినదే ఎక్కువ.

కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గడం సహజం కాబట్టి అసలు నష్టం కొంత తక్కువగా ఉండవచ్చు. నో క్లెయిమ్ బోనస్ రక్షణ కవర్ ఉంటే ఈ లెక్కే మారుతుంది. ఏమైనా, చిన్న నష్టానికి క్లెయిమ్ పత్రం నింపకముందు ఈ కూడికను కాగితంపై వేసి చూడాలి. పెద్ద అద్దానికి, ఖరీదైన సెన్సార్లు అమర్చిన కారుకు లెక్క వేరు. అయితే డ్రైవరు చూపుకు అడ్డంగా పగులు ఉన్నప్పుడు లాభనష్టాల లెక్క కోసం మరమ్మతును వాయిదా వేయరాదు.

6. మొదటి గంటలో చేయవలసినవి

కారును సురక్షితమైన చోట నిలిపి, పగులు, టైరు, గుంత లేదా రాయి, వాహన సంఖ్య కనిపించేటట్లు ఫొటోలు తీయాలి. బీమా సంస్థకు వెంటనే తెలిపి క్లెయిమ్ సంఖ్య తీసికోవాలి. సర్వేయరు చూడకముందే, లేదా సంస్థ అనుమతి ఇవ్వకముందే అద్దాన్ని గాని టైరును గాని మార్చరాదు. ఆర్.సి., డ్రైవరు లైసెన్సు, పాలసీ నకళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. చెల్లుబాటు కాని లైసెన్సుతో గాని, మద్యం మత్తులో గాని నడిపి ఉంటే పరిహారం లేదు. సొంత వాడకానికని నమోదైన కారును పళనికో, మూణారుకో కిరాయికి పంపిన వేళ ప్రమాదం జరిగితే కూడా క్లెయిమ్ నిరాకరణకు గురి కావచ్చు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలకు క్లెయిమ్ పత్రం సాధారణంగా ఆంగ్లంలో అందుతుంది. అందులో ప్రమాద కారణం వ్రాసే గడి అతి ముఖ్యమైనది. ఏజెంటు గాని వర్క్‌షాపు ఉద్యోగి గాని దానిని నింపినప్పుడు, వ్రాసినది చదివించుకొని అర్థం తెలిసికొన్న తరువాతనే సంతకం చేయాలి. రాయి తగిలిందని చెప్పవలసిన చోట పాత పగులు అని ఉంటే, న్యాయమైన క్లెయిమ్ కూడా చేజారుతుంది. జరగని దానిని వ్రాయడం అంతకంటే పెద్ద తప్పు. అబద్ధం బయటపడితే క్లెయిమ్ మొత్తం పోతుంది.

7. నిరాకరిస్తే

నిరాకరణకు కారణాన్ని, పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో, వ్రాతపూర్వకంగా అడగాలి. మొదట బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. బీమా నియంత్రణ సంస్థ సహాయ సంఖ్య 155255. ఒక నెలలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తమిళనాడుకు ఆ కార్యాలయం చెన్నైలో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు.

టైరు విక్రేతపై, తయారీ సంస్థపై ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. సంస్థ కార్యాలయం ముంబైలో ఉన్నా, ఉడుమలైపేట వాసి తిరుప్పూరు జిల్లా పరిధిలోనే కోరవచ్చు. వివాదం తలెత్తిన రెండేండ్లలోపు దాఖలు చేయాలి. ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు.

అభ్యాసం

ఈ మూడు సందర్భాలలో ఎవరిని అడగాలో ఆలోచించండి.

అ. ఆరు నెలల టైరుపై ఏ దెబ్బ గుర్తూ లేకుండా అచ్చు పొర ఊడింది.
ఆ. లారీ నుండి ఎగిరిన రాయికి ముందు అద్దం పగిలింది; థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంది.
ఇ. గుంతలో టైరు చీలింది, బంపరు కూడా విరిగింది. సమగ్ర పాలసీ ఉంది.

సమాధానాలు: మొదటిది టైరు తయారీ సంస్థను. రెండవదానికి సొంత పాలసీ నుండి పరిహారం లేదు, ఖర్చు యజమానిదే. మూడవది బీమా సంస్థను. బంపరుతో పాటు టైరు ధరలో సగం వరకు అడగవచ్చు.